బంగారం ఓడలెక్కిన రోజులు

సరుకుల ధరలన్నీ పాతాళానికి దిగుతున్న రోజుల్లో బంగారం ధర ఒక్కటే పైకి లేచింది. 1931లో భారతదేశపు పల్లెల నుంచి నగలు కరిగి కడ్డీలై లండన్‌కు తరలిపోయిన వృత్తాంతం ఇది. ధరల పతనానికీ, ప్రభుత్వాల ద్రవ్యవిధానానికీ, ఇంటి ఇల్లాలి మెడలోని కాసులపేరుకూ గల సంబంధం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

శతాబ్దాల తరబడి భారతదేశానికి బంగారం రావటమే గాని, సాధారణంగా ఇక్కడినుంచి పోవటమన్నది లేదు. మిరియాలకూ, సన్నని వస్త్రాలకూ ఆశపడి రోము తన ధనాన్ని తూర్పుదేశాలకు ధారపోస్తున్నదని క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే ప్లినీ వాపోయాడు. ఆ రోమను నాణేలు కొన్ని ఆంధ్రదేశపు నేలలోనూ దొరికాయి. తరువాతి కాలంలో పోర్చుగీసువారు, డచ్చివారు, ఇంగ్లీషువారు కూడా వెండి బంగారాలు తెచ్చి ఇచ్చి, సరుకులు నింపుకొని పోయినవారే. వచ్చిన బంగారం పల్లెలకు చేరి నగలుగా మారి, తల్లి నుంచి కూతురికి సంక్రమిస్తూ ఉండిపోయేది.

1931 చివరి నెలల్లో ఈ ప్రవాహం ఒక్కసారిగా వెనుదిరిగింది. బొంబాయి రేవునుంచి లండన్‌కు పోయే ఓడల్లో బంగారు కడ్డీల పెట్టెలు బయలుదేరాయి. 1931-32 ఆర్థిక సంవత్సరంలో దేశంనుంచి తరలిపోయిన బంగారం విలువ దాదాపు 58 కోట్ల రూపాయలు. ఆ మరుసటి సంవత్సరం అంతకంటె ఎక్కువే పోయింది. ఆ దశాబ్దం ముగిసేనాటికి ఈ మొత్తం 300 కోట్లను మించిపోయింది. కూలివానికి రోజుకు కొద్ది అణాలు మాత్రమే దొరుకుతున్న కాలంలో అది ఎంత పెద్ద మొత్తమో ఊహించవచ్చు.

ఇంత బంగారం ఎవరిది? ఎందుకు అమ్మారు? ధర బాగుందని సంతోషంగా అమ్ముకున్నారా, గత్యంతరం లేక అమ్ముకున్నారా? ఈ ప్రశ్న మీద ఆనాడు శాసనసభల్లోనూ, పత్రికల్లోనూ పెద్ద వాగ్వాదమే జరిగింది.

ధర తగ్గితే అప్పు పెరుగుతుంది

ధరలు పెరగటమంటే అందరికీ భయం. తగ్గటమంటే సామాన్యుడు సంతోషిస్తాడు. కాని అన్ని ధరలూ కలిసికట్టుగా, ఏడాది తరువాత ఏడాది పడిపోతూ ఉంటే దానిని ఆర్థికవేత్తలు ప్రతిద్రవ్యోల్బణం అంటారు. ద్రవ్యోల్బణం దాచుకున్నవాడిని దోచుకుంటే, ప్రతిద్రవ్యోల్బణం అప్పుపడ్డవాడిని నలిపివేస్తుంది.

లెక్క సులభంగా ఉండటానికి ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక రైతు బస్తా వడ్లు 5 రూపాయలు పలుకుతున్నప్పుడు నూరు రూపాయలు అప్పు తెచ్చాడనుకుందాం. ఆనాటికి అతని అప్పు 20 బస్తాల వడ్లతో సమానం. రెండేళ్లలో బస్తా ధర రెండున్నర రూపాయలకు పడిపోయింది. పత్రంమీద అప్పు నూరు రూపాయలే. కాని తీర్చటానికి ఇప్పుడు 40 బస్తాలు కావాలి. రైతు పైసా అదనంగా తేలేదు. అయినా అతని అప్పు రెట్టింపయింది. శిస్తు సంగతీ అంతే. ప్రభుత్వం దానిని ధాన్యంలో గాక రూపాయల్లో వసూలు చేస్తుంది గనుక, ధర సగమైనప్పుడు శిస్తు భారం దానంతటదే రెండింతలవుతుంది.

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల విపణి కుప్పకూలిన తరువాత ప్రపంచమంతటా జరిగినది ఇదే. కలకత్తా టోకు ధరల సూచి, 1914 జూలైని నూరుగా లెక్కిస్తే, 1929లో 141 ఉన్నది. 1930లో 116కూ, 1931లో 96కూ, 1933 నాటికి 87కూ అది దిగజారింది. పల్లెలో రైతు చేతికి వచ్చే ధర ఇంతకంటె వేగంగా పడిపోయింది. వడ్లు, పత్తి, జనుము, వేరుసెనగ వేటికీ కొనుగోలుదారు లేడు.

మద్రాసు రాజధానిలో గ్రామీణ ఋణభారం 150 కోట్ల రూపాయలని 1930లో బ్యాంకింగు విచారణ సంఘం అంచనా కట్టింది. 1935లో సత్యనాథన్ నివేదిక దానిని 200 కోట్లుగా తేల్చింది. పంట విలువ సగానికి తగ్గిన ఐదేళ్లలో అప్పు మూడవవంతు పెరిగిందన్నమాట. కృష్ణా, గోదావరి డెల్టాల్లో శిస్తు పెంపుదలకు వ్యతిరేకంగా ఆచార్య ఎన్.జి. రంగా ప్రభృతుల నాయకత్వంలో రైతు ఉద్యమం బలపడటానికి ఈ నేపథ్యమే కారణం.

రెండు పెన్నీల తగాదా

ధరల పతనం ప్రపంచవ్యాప్తమైనదే అయినా, భారతదేశంలో దాని తీవ్రతను పెంచిన కారణం మరొకటి ఉన్నది. అది రూపాయి మారకపు రేటు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రూపాయి విలువ షిల్లింగు నాలుగు పెన్నీలు. 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ దానిని షిల్లింగు ఆరు పెన్నీలుగా నిర్ణయించాలని సిఫారసు చేసింది. సంఘ సభ్యులలో ఒకరైన సర్ పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ ఒక్కరే అసమ్మతి పత్రం రాసి, పాత రేటునే కొనసాగించాలని వాదించారు. 1927లో చట్టం కమిషన్ సిఫారసునే స్థిరపరచింది.

రెండు పెన్నీల తేడా స్వల్పంగానే కనిపిస్తుంది. కాని లండన్‌లో ఒక పౌను విలువైన పత్తి అమ్మిన వర్తకుడికి పాత రేటు ప్రకారం 15 రూపాయలు వచ్చేవి. కొత్త రేటు ప్రకారం 13 రూపాయల 5 అణాల 4 పైసలు మాత్రమే వస్తాయి. ఎగుమతిదారు నష్టాన్ని తాను భరించడు. పల్లెలో రైతుకిచ్చే ధరను ఆ మేరకు తగ్గిస్తాడు. మరోవైపు విదేశీ వస్త్రం ఆ మేరకు చౌక అవుతుంది. రూపాయి విలువ ఎక్కువగా ఉండటంవల్ల లాభం పొందేది ప్రధానంగా లండన్‌కు చెల్లింపులు జరిపే ప్రభుత్వమూ, జీతమూ పింఛనూ స్వదేశానికి పంపుకునే ఇంగ్లీషు ఉద్యోగీ.

ఇట్లా ఎత్తున నిలబెట్టిన రేటు తనంతట తాను నిలవదు. మార్కెట్టులో రూపాయలు పుష్కలంగా ఉంటే దాని విలువ జారిపోతుంది. అందువల్ల ప్రభుత్వం చలామణీలోని ద్రవ్యాన్ని కుదించింది. ట్రెజరీ బిల్లులు అమ్మి రూపాయలను వెనక్కి లాగుకున్నది. ధరలు పడిపోతున్నప్పుడు ద్రవ్యాన్ని సడలించవలసి ఉండగా మరింత బిగించటం, జ్వరపడ్డవాడిచేత లంఖణాలు చేయించటం వంటిదయింది.

1931 సెప్టెంబరు 21

బ్రిటన్ 1925లో, చర్చిల్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, సువర్ణ ప్రమాణానికి తిరిగి వచ్చింది. అంటే పౌనును నిర్ణీతమైన బంగారంతో ముడిపెట్టింది. కీన్స్ ఆ నిర్ణయాన్ని అప్పుడే తీవ్రంగా విమర్శించాడు. ఏడేళ్లు తిరగకుండానే ఆ ముడి విప్పక తప్పలేదు. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ సువర్ణ ప్రమాణాన్ని విడిచిపెట్టింది. గాంధీజీ రెండవ రౌండుటేబులు సమావేశానికి లండన్‌లోనే ఉన్న రోజులవి. రూపాయి ఇకమీదట బంగారంతో గాక పౌనుతోనే, అదే షిల్లింగు ఆరు పెన్నీల రేటున, ముడిపడి ఉంటుందని భారత వ్యవహారాల మంత్రి సర్ శామ్యూల్ హోర్ ప్రకటించాడు. భారతీయుల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

బంగారం ధర పెరుగుదల రహస్యమంతా ఈ ప్రకటనలోనే ఉన్నది. అంతవరకు చట్టప్రకారం తులం బంగారం 21 రూపాయల 3 అణాల 10 పైసలు. లండన్‌లో ఔన్సు మేలిమి బంగారం 85 షిల్లింగులు. పౌను విలువ జారిపోవటంతో డిసెంబరు నాటికి ఔన్సు బంగారానికి 120 షిల్లింగులకు పైగా ఇవ్వవలసి వచ్చింది. పౌను వెంట రూపాయి కూడా జారింది గనుక, ఇక్కడ తులం ధర సుమారు 30 రూపాయలకు పెరిగింది. తరువాతి సంవత్సరాల్లో 35 రూపాయల దాకా పోయింది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. బంగారానికి కొత్తగా గిరాకీ పెరిగి ధర హెచ్చలేదు. బంగారాన్ని కొలిచే కొలబద్ద కురచ అయింది. కరెన్సీ తన విలువను పోగొట్టుకుంటే, కదలక నిలబడిన బంగారమే పైకి లేచినట్లు కనిపిస్తుంది.

రైతు కళ్లకు కనిపించినది ఏమిటి? చేతిలోని పంటకు ధర లేదు. పెట్టెలోని నగకు మాత్రం ఎన్నడూ లేనంత ధర ఉన్నది. గుమ్మంలో శిస్తు వసూలుదారూ, షావుకారూ నిలబడి ఉన్నారు. అటువంటప్పుడు వడ్డాణమూ, కాసులపేరూ ఎంతకాలం పెట్టెలో ఉంటాయి? ఊరి కంసాలి తూచి ఇచ్చిన సొత్తు పట్టణపు వర్తకుడికీ, అక్కడినుంచి బొంబాయి బులియన్ బజారుకూ చేరింది. కరిగి కడ్డీలై ఓడ ఎక్కింది.

ఎవరి వాదం నిజం?

దిగులుపడవలసినదేమీ లేదని ఆర్థిక సభ్యుడు సర్ జార్జి షూస్టర్ వాదించాడు. తక్కువ ధరకు కొని దాచుకున్నదానిని ప్రజలు ఎక్కువ ధరకు అమ్ముకుంటున్నారు, ఇందులో నష్టమెక్కడిదని అతని ప్రశ్న. ఇది ఆపద అమ్మకమేనని జాతీయవాదులు సమాధానం చెప్పారు. బంగారం ఎగుమతిని నిషేధించాలనీ, లేదా సుంకమైనా విధించాలనీ, ప్రభుత్వమే ఆ బంగారాన్ని కొని భవిష్యత్తులో రాబోయే కేంద్ర బ్యాంకుకు నిధిగా భద్రపరచాలనీ భారతీయ వాణిజ్య వర్గాలు కోరాయి. ఆ కోరికను ప్రభుత్వం మన్నించలేదు.

రెండు వాదాలలోనూ సత్యం కొంత ఉన్నది. లాభం చూసుకొని అమ్మిన ధనికులు లేకపోలేదు. అయితే లాభంకోసం అమ్మినవాడు ఆ డబ్బుతో మరొకటి కొంటాడు. పల్లెలో వచ్చిన డబ్బు అత్యధికంగా శిస్తుకూ, వడ్డీకీ, తిండికీ పోయింది. నగ అన్నది హిందూ స్త్రీకి స్త్రీధనం. కరువులో, వైధవ్యంలో ఆమెకున్న ఏకైక ఆసరా. అది అమ్ముడుపోవటమంటే ఆ కుటుంబానికి రాబోయే కష్టకాలంలో రక్షణ లేకుండా పోవటమే.

అంతకంటె పెద్ద విపరీతం మరొకటి జరిగింది. భారత ప్రభుత్వం ఏటేటా లండన్‌కు పంపవలసిన వడ్డీలు, పింఛన్లు, సైనిక వ్యయాలు మొదలైన చెల్లింపులుండేవి. సాధారణంగా పత్తి, జనుము, తేయాకుల ఎగుమతి మిగులునుంచి వాటిని తీర్చేవారు. మాంద్యంవల్ల ఆ మిగులు ఎండిపోయింది. రూపాయి విలువ తగ్గించక తప్పని పరిస్థితి ఏర్పడిన సమయంలో బంగారం ఎగుమతులు ఆ లోటును భర్తీచేశాయి. షిల్లింగు ఆరు పెన్నీల రేటు నిలిచిపోయింది. ఏ రేటువల్ల రైతు పంటకు ధర రాలేదో, ఆ రేటును నిలబెట్టినది ఆ రైతు ఇంటి బంగారమే.

లండన్‌లో మాత్రం సంతోషం వెల్లివిరిసింది. ఆర్థికమంత్రి నెవిల్ ఛాంబర్లేన్ తన సోదరికి రాసిన ఉత్తరంలో, భారతదేశపు నిక్షేపాలలో తమకు దొరికిన ఈ బంగారు గని గురించి హర్షం వెలిబుచ్చాడు.

బర్మాలో మరో రూపం

బర్మా అప్పుడు భారత సామ్రాజ్యంలో భాగం; అదే రూపాయి, అదే రేటు. అక్కడ అప్పులకు హామీ నగలకన్న భూమే ఎక్కువ. అందుచేత ధాన్యం ధర పడిపోగానే భూమి చేతులు మారింది. దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాలలో 1930 నాటికి చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి నూటికి 6 వంతులు. 1937 నాటికి నూటికి 25 వంతులు. వారు కోరి భూమి కొన్నవారు కారు. రావలసిన బాకీకి మరేదీ దొరక్క భూమి తీసుకున్నవారు. అయినా బర్మా రైతు ఆగ్రహమంతా భారతీయుల మీదికి మళ్లింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి పెంపుకోసం తెలుగు కార్మికులు సమ్మె కట్టటమూ, వారి స్థానంలో బర్మీయులను తీసుకోవటమూ, సమ్మె ముగిశాక వారిని తొలగించటమూ రక్తపాతానికి దారితీసాయి. కోరంగి రేవు పేరుమీద 'కోరంగీలు' అని పిలువబడిన ఆ శ్రమజీవులకు మారకపు రేట్లతో నిమిత్తమేమీ లేదు. కాని మాంద్యం మోపిన మూల్యం చెల్లించినవారిలో వారూ ఉన్నారు.

ఇతర దేశాలు ఏం చేశాయి?

ఇదే సంకటాన్ని ఇతర దేశాలు మరో విధంగా ఎదుర్కొన్నాయి. జపాన్ 1931 డిసెంబరులో సువర్ణ ప్రమాణాన్ని వదలి, ఆర్థికమంత్రి తకహాషి నాయకత్వాన యెన్ విలువను బాగా పడిపోనిచ్చింది. దాని పరిశ్రమలు త్వరగా కోలుకున్నాయి. చౌకైన జపాన్ వస్త్రం భారతదేశపు అంగళ్లను ముంచెత్తింది.

అమెరికాలో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ 1933 ఏప్రిల్ 5న ప్రజలు తమవద్ద ఉన్న బంగారు నాణేలనూ, కడ్డీలనూ ప్రభుత్వానికి అప్పగించాలని ఆజ్ఞాపించాడు. వారికి ముట్టిన ధర ఔన్సుకు 20.67 డాలర్లు. 1934 జనవరిలో ప్రభుత్వం ఆ ధరను 35 డాలర్లకు పెంచింది. బంగారం ధర పెంచటమంటే డాలరు విలువ తగ్గించటమే. పడిపోయిన పంటల ధరలను పైకి లేపి, అప్పుల బరువు తగ్గించటమే అందులో ఉద్దేశం. ధరలు పడినకొద్దీ అప్పు బరువెక్కుతుందనీ, అప్పు తీర్చటానికి అందరూ ఒకేసారి అమ్మజూపటంవల్ల ధరలు మరింత పడతాయనీ ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1933లోనే సిద్ధాంతీకరించాడు. 1936 దాకా బంగారాన్ని అంటిపెట్టుకొని ఉన్న ఫ్రాన్సు మాంద్యంనుంచి ఆలస్యంగా బయటపడింది. ముందుగా విడిచిన దేశాలు ముందుగా కోలుకున్నాయి.

భారతదేశానికి ఈ స్వేచ్ఛ లేదు. పౌనుతోపాటు రూపాయి కొంత దిగినందువల్ల కొద్దిపాటి ఉపశమనం కలిగిన మాట నిజం. కాని పౌనుతో దాని రేటు యథాతథంగా ఉండిపోయింది. 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు అవతరించినప్పుడు ఆ రేటునే కాపాడే బాధ్యత దానిమీద పడింది.

ఉపశమనం చివరకు చట్టంద్వారా వచ్చింది. రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో 1938లో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు పూర్వపు అప్పులమీద పేరుకుపోయిన వడ్డీ బకాయిలను కొట్టివేసింది. అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించి ఉంటే ఋణం తీరిపోయినట్లేనని ప్రకటించింది. ధరలు పడిపోయినప్పుడు పెరిగిన అప్పును కలంపోటుతో తగ్గించటమే దాని సారాంశం.

తరువాత యుద్ధం వచ్చి కథను తలకిందులు చేసింది. నోట్లు విపరీతంగా పెరిగి, ధరలు ఆకాశాన్నంటాయి. నారాయణస్వామి నాయుడు జరిపిన పరిశీలన ప్రకారం మద్రాసు రాజధానిలో 1939లో 272 కోట్లున్న గ్రామీణ ఋణం 1945 నాటికి 218 కోట్లకు తగ్గింది. భూమి ఉండి, పంట అమ్ముకోగలిగినవాడు బాగుపడ్డాడు. కూలివాడి ఋణం మాత్రం తగ్గలేదు. ఆ ద్రవ్యోల్బణాన్ని అరికట్టే నిమిత్తం 1943 ఆగస్టునుంచి బ్రిటిషు, అమెరికన్ ప్రభుత్వాల తరఫున రిజర్వు బ్యాంకు బొంబాయిలో బంగారం అమ్మింది. 30 రూపాయలకు ఓడ ఎక్కిన తులం, అంతకు రెట్టింపు మించిన ధరకు తిరిగి ఇదే బజారులో అమ్ముడుపోయింది. వెనుకటి అమ్మకందారులలో దానిని కొనగలిగినవారు ఎందరుంటారు?

నేటికి వర్తించే పాఠం

1971 ఆగస్టు 15న ప్రెసిడెంటు నిక్సన్ డాలరుకూ బంగారానికీ మధ్య మిగిలిన చివరి ముడిని తెంచివేశాడు. అప్పటినుంచి బంగారం ధరను ఏ చట్టమూ నిర్ణయించటం లేదు. అయినా ద్రవ్యవిధానం నీడ దానిమీదనుంచి తొలగిపోలేదు.

ద్రవ్యోల్బణం ఉధృతంగా ఉన్న 1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు ఎగబాకింది. అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ వడ్డీ రేట్లను ఇరవై శాతం దాకా పెంచటంతో 1982 నాటికి అది 300 డాలర్లకు దిగి వచ్చింది. బంగారం వడ్డీ ఇవ్వదు. డబ్బుమీద నికరమైన వడ్డీ దొరుకుతున్నప్పుడు దాని ఆకర్షణ తగ్గుతుంది. 2008 సంక్షోభంలో మరో పార్శ్వం కనిపించింది. ధరలు పడిపోతాయన్న భయం మొదట కమ్ముకున్నప్పుడు, నగదు అవసరమై అందరూ అమ్మజూపటంతో బంగారం కూడా 700 డాలర్ల ప్రాంతానికి పడింది. కేంద్ర బ్యాంకులు వడ్డీని దాదాపు శూన్యానికి తగ్గించి, విస్తారంగా ద్రవ్యాన్ని సృష్టించిన తరువాతనే 2011 నాటికి 1,900 డాలర్లకు పెరిగింది.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతున్నది. ప్రతిద్రవ్యోల్బణం స్వయంగా బంగారం ధరను పెంచదు. దానిని ఎదుర్కోవటానికి ప్రభుత్వం కరెన్సీ విలువను తగ్గిస్తుందన్న నమ్మకం కలిగినప్పుడు పెరుగుతుంది. భారతదేశంలో దీనికి రూపాయి, డాలరుల మారకపు రేటూ, దిగుమతి సుంకమూ తోడవుతాయి. అందుచేత లండన్‌లో ధర కదలకపోయినా హైదరాబాదులో కదలవచ్చు.

వ్యక్తులకే గాక దేశాలకు కూడా ఆపద అమ్మకాలు తప్పవు. 1991లో విదేశీ మారకం అడుగంటినప్పుడు రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద 40 కోట్ల డాలర్ల అప్పుకు కుదువపెట్టింది. ఆ అప్పు తీరిపోయింది. 2009లో దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉన్నప్పుడు అదే బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నులు కొన్నది. దేశానికి కోలుకునే వ్యవధి దొరికింది. 1931 నాటి రైతుకు అది దొరకలేదు.

నేడు పల్లెల్లో నగ అమ్ముడుపోవటం కంటె బ్యాంకులోనో, మరో సంస్థలోనో తాకట్టుకు చేరటమే ఎక్కువ. ధర పెరిగిన రోజున అదే నగమీద ఎక్కువ అప్పు పుడుతుంది. ధర పడిపోయిన రోజున అప్పిచ్చినవారు అదనపు హామీ అడుగుతారు, లేదా వేలం వేస్తారు. పంట ధర, బంగారం ధర ఒకేసారి పడిపోతే ఆ ఇంటికి రెండు వైపులా గోడలు కూలినట్లే. కనుక అంగడిలో తులం ధర చూసి సంతోషించేముందు, ఆ ఇంటి అప్పు ఎంత, దానిమీద వడ్డీ ఎంత, తీర్చటానికి వచ్చే పంటలో ఎన్ని బస్తాలు పోతాయి అని లెక్క వేసుకోవటం మంచిది. 1931లో నగ అమ్మిన ఇల్లాలికి ధర తెలుసు. ఆమె చేతిలో లేనిది, అమ్మకుండా ఉండగల స్వేచ్ఛ.